వాడిన అణు ఇంధనాన్ని పునఃశుద్ధి చేస్తే పర్యావరణానికి మేలా, కీడా?

ప్రశ్న
రాసినవారు: తీరవాసి

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మాకు దగ్గరలో ఉన్న కొవ్వాడలో వెస్టింగ్‌హౌస్ సంస్థ రూపొందించిన ఏపీ1000 తరహా రియాక్టర్లను, ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరింటిని, నెలకొల్పాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నడుస్తున్నది. భూసేకరణ గురించి, రియాక్టరు భద్రత గురించి ఇక్కడ ఊరూరా మాట్లాడుకున్నారు. అయితే వాడేసిన ఇంధనం చివరికి ఏమవుతుందన్న ప్రశ్న వచ్చేసరికి, ఒకదానితో ఒకటి పొసగని రెండు మాటలు వినిపిస్తున్నాయి.

"పునఃశుద్ధి చేస్తే అందులో 95 శాతం మళ్లీ ఇంధనమే, వ్యర్థమంటూ మిగిలేది నామమాత్రం" అని ఒక పక్షం చెబుతున్నది. "పునఃశుద్ధి అంటే రేడియోధార్మిక పదార్థాలను పైపు వేసి సముద్రంలోకి వదలడమే" అని మరో పక్షం చెబుతున్నది. మత్స్యకార కుటుంబాల పిల్లలు నా తరగతిలో ఉన్నారు. వాళ్లు రెండూ విని వచ్చి ఏది నిజమని నన్ను అడుగుతున్నారు. వ్యర్థం నిజంగా తగ్గుతుందా, గాలిలోకీ నీటిలోకీ ఏయే పదార్థాలు వెళ్తాయి, ఫ్రాన్స్, భారత్ వంటి దేశాలు ఈ దారి పట్టగా ఫిన్లాండ్, స్వీడన్, జర్మనీ ఎందుకు పట్టలేదు అన్నవి నా సందేహాలు. ప్రచార పత్రాల్లోని మాటలు కాకుండా, విషయం తెలిసినవారు అంకెలతో సహా వివరిస్తే తరగతిలో ధైర్యంగా చెప్పగలుగుతాను.

సమాధానం 1
రాసినవారు: పాత రసాయనశాల

మాస్టారికి నమస్కారం. వాడిన ఇంధనపు రసాయనశాస్త్రంతోనే నా ఉద్యోగ జీవితం గడిచింది కనుక, ముందు ప్రక్రియ ఏమిటో చెప్పి ఆ తరవాత 95 శాతం మాట దగ్గరకు వస్తాను.

హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో మన భారజల రియాక్టర్ల కోసం తయారయ్యే ఇంధన బండిల్ అర మీటరు పొడవుంటుంది. 220 మెగావాట్ల రియాక్టరులో వాడే రకమైతే అందులో 19 కడ్డీలుంటాయి. జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో యురేనియం ఆక్సైడు బిళ్లలు పేర్చి రెండు వైపులా మూసిన కడ్డీలవి. కొత్త బండిల్‌ను చేతి తొడుగులు వేసుకున్న కార్మికుడు రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టగలడు, ఎందుకంటే సహజ యురేనియం నుంచి వెలువడే వికిరణం చాలా తక్కువ. అదే బండిల్ రియాక్టరులో ఏడాదో ఏడాదిన్నరో మండి అప్పుడే బయటికి వచ్చిందంటే, అడ్డేమీ లేకుండా దాని పక్కన కొన్ని నిమిషాలు నిలబడిన మనిషి బతకడు. కాబట్టి దాన్ని మొదట కొన్నేళ్లపాటు లోతైన నీటి కొలనులో చల్లబరుస్తారు. ఆ తరవాత మీటరుకు మించిన మందంగల కాంక్రీటు గోడల వెనుక, పసుపు ఛాయగల సీసపు గాజు కిటికీలోంచి చూస్తూ, యంత్రపు చేతులతో ముక్కలు చేసి మరుగుతున్న నత్రికామ్లంలో కరిగిస్తారు. ఆ ద్రావణానికి ట్రైబ్యూటైల్ ఫాస్ఫేటు అనే పదార్థాన్ని కిరోసిన్ వంటి నూనెలో కలిపి చేరిస్తే యురేనియం, ప్లుటోనియం నూనెలోకి వచ్చేస్తాయి. విచ్ఛిత్తిలో పుట్టిన సీసియం, స్ట్రాన్షియం వంటివి ఆమ్లంలోనే ఉండిపోతాయి. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ప్యూరెక్స్ పద్ధతి స్థూలంగా ఇదే.

ఇప్పుడు 95 శాతం సంగతి. మామూలు నీటితో నడిచే రియాక్టర్ల వాడిన ఇంధనంలో 95 శాతం దాకా యురేనియం, ఒక శాతం ప్లుటోనియం, మిగిలిన మూడు నాలుగు శాతం విచ్ఛిత్తి పదార్థాలు ఉంటాయన్నది నిజమే. కాని ఆ యురేనియాన్ని వేరుచేయడం ఒక ఎత్తు, మళ్లీ రియాక్టరులో వాడటం మరో ఎత్తు. మన భారజల రియాక్టర్ల ఇంధనం నుంచి తిరిగి వచ్చే యురేనియంలో, సులువుగా విచ్ఛిత్తి చెంది శక్తినిచ్చే 235 ఐసోటోపు పాలు సహజ యురేనియంలో ఉండే 0.7 శాతంలో మూడో వంతు మాత్రమే. మండించిన దానికంటే ఎక్కువ ఇంధనాన్ని పుట్టించే ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లు వరసగా నడిస్తే తప్ప దానికి పెద్ద ఉపయోగం లేదు. మామూలు నీటి రియాక్టర్ల నుంచి వచ్చే యురేనియాన్ని మళ్లీ సుసంపన్నం చేసి, అంటే 235 పాలు పెంచి, వాడవచ్చు గాని, అందులో చేరిన 232, 236 ఐసోటోపుల వల్ల ఆ పని ఖరీదైనది, చిక్కైనది. కనుక "95 శాతం తిరిగి వాడవచ్చు" అనే వాక్యం చివర "ఏ రియాక్టరులో, ఎప్పటికి" అన్న మాటలు చేర్చి అడగమని మీ విద్యార్థులకు చెప్పండి.

వ్యర్థం ఘనపరిమాణం తగ్గుతుందన్నది కూడా పూర్తిగా అబద్ధం కాదు. ఆమ్లంలో మిగిలిన అత్యధిక రేడియోధార్మికత గల ద్రవాన్ని ఆవిరిపట్టి, బోరోసిలికేటు గాజులో కలిపి, ఉక్కు డబ్బాల్లో పోసి గట్టిపరుస్తారు. తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో ఈ పని జరుగుతున్నది. ఆ గాజు దిమ్మలు మొదటి ఇంధనం కంటే తక్కువ చోటు తీసుకుంటాయి. అయితే భూగర్భ నిక్షేప కేంద్రంలో ఎన్ని డబ్బాలు ఎంత దగ్గరగా పెట్టవచ్చునన్నది వాటి పరిమాణం కంటే అవి వెలువరించే వేడి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. మొదటి వంద, రెండు వందల ఏళ్లపాటు ఆ వేడిలో అధికభాగం 30 ఏళ్ల చొప్పున అర్ధాయువు ఉన్న సీసియం, స్ట్రాన్షియంల నుంచి వస్తుంది. అవి రెండూ గాజులోనే ఉన్నాయి. పైగా కోసిన గొట్టాల ముక్కలు, వడపోత పదార్థాలు, కలుషితమైన పరికరాలు, చివరికి కర్మాగారాన్ని కూల్చినప్పుడు వచ్చే కాంక్రీటు, ఇవన్నీ పునఃశుద్ధి వల్ల కొత్తగా పుట్టే వ్యర్థాలు. గాజు దిమ్మల లెక్క చెప్పేవారు వీటిని విడిచిపెడుతుంటారు.

నా దృష్టిలో అసలు ప్రమాదం మరోచోట ఉంది. వాడిన ఇంధనం తనంతట తాను గట్టి పింగాణీ వంటి ఘనపదార్థం, గొట్టంలో మూసి ఉన్నది. పునఃశుద్ధిలో దాన్ని ద్రవంగా, కొంత భాగాన్ని వాయువుగా మారుస్తాము. ద్రవాన్ని గాజుగా మార్చేదాకా ఉక్కు ట్యాంకుల్లో నిరంతరం చల్లబరుస్తూ ఉంచాలి. 1957 సెప్టెంబరు 29న సోవియట్ యూనియన్‌లోని మాయాక్ కేంద్రంలో అటువంటి ఒక ట్యాంకుకు చల్లబరిచే వ్యవస్థ పాడై, లోపలి లవణాలు ఎండి పేలిపోయాయి. యురల్ పర్వతాల తూర్పు వైపున వందల కిలోమీటర్ల పొడవునా నేల కలుషితమైంది, గ్రామాలు ఖాళీ చేయించారు. అంతకు ముందే, 1949 నుంచి కొన్నేళ్లపాటు, అదే కేంద్రం తన ద్రవ వ్యర్థాలను నేరుగా తెచా నదిలోకి వదిలింది. ఆ నది నీరు తాగిన పల్లెల ప్రజల ఆరోగ్యాన్ని వైద్యులు ఇప్పటికీ అధ్యయనం చేస్తూనే ఉన్నారు. నేటి ట్యాంకులు, నేటి పర్యవేక్షణ వేరు. అయినా ద్రవం ఎంత త్వరగా గాజు రూపానికి మారుతున్నదన్నదే ఒక పునఃశుద్ధి కేంద్రం భద్రతకు నేను చూసే మొదటి కొలమానం.

ఇంత చెప్పినా నేను పునఃశుద్ధికి వ్యతిరేకిని కాను. మనకు యురేనియం నిల్వలు పరిమితం, థోరియం పుష్కలం. హోమీ భాభా రూపొందించిన మూడు దశల ప్రణాళికలో మొదటి దశ అయిన భారజల రియాక్టర్ల ఇంధనం నుంచి తీసిన ప్లుటోనియం లేకుండా రెండో దశ అయిన బ్రీడర్లు లేవు, రెండోది లేకుండా థోరియం దశ లేదు. ట్రాంబేలో ద్రవ వ్యర్థం నుంచి సీసియంను వేరుచేసి, గాజు కడ్డీలుగా మార్చి, రక్తాన్ని వికిరణంతో శుద్ధిచేసే పరికరాలకు అందిస్తున్నారు. వ్యర్థమని పాతిపెట్టేదాన్ని వైద్యానికి వాడటం చిన్న విషయం కాదని నా నమ్మకం.

సమాధానం 2
రాసినవారు: నీలిమ, కుంబ్రియా

పై సమాధానంలో ప్రక్రియను ఎంతో స్పష్టంగా వివరించారు. గాలి, నీటి సంగతి నేను చెబుతాను. నేను ఇంగ్లండు వాయవ్య తీరంలో, బ్రిటన్ తన వాడిన ఇంధనాన్ని పునఃశుద్ధి చేసిన సెల్లాఫీల్డ్‌కు కొద్ది దూరంలో నివసిస్తున్నాను. సముద్ర పర్యావరణ అధ్యయనం నా వృత్తి.

ఇక్కడి నుంచి ఐరిష్ సముద్రంలోకి ద్రవాలను మోసుకుపోయే పైపులు 1950ల నుంచీ ఉన్నాయి. 1970ల మధ్యలో విడుదలలు శిఖరానికి చేరాయి. 1975 ఒక్క సంవత్సరంలోనే 5,000 టెరాబెక్వెరెల్‌కు మించిన సీసియం 137 సముద్రంలో కలిసింది (ఒక టెరాబెక్వెరెల్ అంటే సెకనుకు లక్ష కోట్ల పరమాణువుల విఘటన). దీనికి కారణం చాలావరకు ఇంధన నిల్వ కొలనులే. ఇక్కడి మాగ్నాక్స్ అనే తొలితరం రియాక్టర్ల ఇంధనపు పైతొడుగు మెగ్నీషియం మిశ్రలోహం. నీటిలో ఎక్కువ కాలం ఉంటే అది తుప్పుపట్టి చిల్లులు పడేది, కొలను నీరు కలుషితమయ్యేది. 1980ల మధ్యలో ఆ నీటిని శుద్ధిచేసే కొత్త యూనిట్ పనిచేయడం మొదలుపెట్టాక సీసియం విడుదల బాగా తగ్గింది. కాని అప్పటికే వెళ్లిన ప్లుటోనియం, అమెరీషియం సముద్రగర్భంలోని సన్నటి బురదకు అతుక్కుపోయాయి. దగ్గరలోని రావెన్‌గ్లాస్ వద్ద నదులు సముద్రంలో కలిసేచోట, ఆటుకు నీరు తగ్గినప్పుడు బయటపడే బూడిదరంగు బురదమేటల్లో వాటిని ఈనాటికీ కొలవవచ్చు. తుపాను వచ్చి అడుగు బురద కదిలిన ప్రతిసారీ కొంత మళ్లీ పైకి వస్తుంది. 2006 నుంచి ప్రత్యేక పరికరాలు అమర్చిన వాహనాలు ఈ తీరపు ఇసుకను వరసలు వరసలుగా గాలిస్తూ, కంటికి ఆనని రేడియోధార్మిక రేణువులను ఏరి తీసుకుపోతున్నాయి. ఆ పక్కనే పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. రేణువుల వల్ల సందర్శకులకు కలిగే అపాయం చాలా తక్కువని ఆరోగ్య సంస్థలు అంచనా వేసినందువల్లనే తీరాన్ని తెరిచి ఉంచారు.

ప్రతి రేడియోధార్మిక పదార్థానికీ దాని దారి దానిదే. 1994లో ఇక్కడ పాత ద్రవ వ్యర్థాల నుంచి ప్లుటోనియంను వడగట్టే కొత్త యూనిట్ మొదలైంది. ప్లుటోనియంను అది చక్కగా పట్టింది గాని టెక్నీషియం 99ని పట్టలేకపోయింది. 1995లో 190 టెరాబెక్వెరెల్ దాకా టెక్నీషియం సముద్రంలోకి వెళ్లింది. దాని అర్ధాయువు రెండు లక్షల ఏళ్లకు పైగా. అది బురదలో దిగకుండా నీటితోనే ప్రయాణిస్తుంది, సముద్రపు నాచులోను లాబ్‌స్టర్లలోను చేరుతుంది. కొన్నేళ్లలోనే నార్వే తీరపు నాచులో దాని పాలు పెరగడం కనిపించింది. తినేవారికి అందే మోతాదు పరిమితులకు చాలా లోపే ఉన్నా, మా సముద్రం మీ చెత్తకుండీ కాదన్న నార్వే, ఐర్లండు దేశాల నిరసన ఆగలేదు. అదే కాలంలో, 1998లో, పోర్చుగల్‌లోని సింత్రాలో ఈశాన్య అట్లాంటిక్ దేశాలు రేడియోధార్మిక విడుదలలను క్రమంగా తగ్గించుకుంటామని అంగీకరించాయి. చివరికి ఆ ద్రవాలను 2003 నుంచి గాజు చేసే విభాగానికి మళ్లించి, మిగిలినవాటికి కొత్త రసాయన చర్య జోడించి టెక్నీషియంను పట్టడం మొదలుపెట్టారు. పొరుగు దేశాల మత్స్యకారులు పట్టుబట్టకపోతే ఈ పని ఇంత త్వరగా జరిగేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఫ్రాన్స్‌లోని లా హేగ్ కేంద్రం తీరు వేరు. నార్మండీ కొనన, చాలా వేగమైన పోటు ప్రవాహాలున్న చోట దాని పైపు సముద్రంలో తెరుచుకుంటుంది. బురదలో పేరుకోకుండా త్వరగా పలచబడాలన్నది ఉద్దేశం. అక్కడి నుంచి ఏటా పదివేల టెరాబెక్వెరెల్ ప్రమాణంలో ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్, సముద్రంలో కలుస్తున్నది. ఫుకుషిమా నుంచి శుద్ధిచేసి వదులుతున్న నీటికి జపాన్ పెట్టుకున్న వార్షిక పరిమితి 22 టెరాబెక్వెరెల్ మాత్రమేనన్నది గమనిస్తే ఆ తేడా తెలుస్తుంది. ఇంధనాన్ని కోసినప్పుడు వెలువడే క్రిప్టాన్ 85 వాయువును దాదాపు మొత్తంగా పొగగొట్టం ద్వారా గాలిలోకి వదిలేస్తారు. అది దేనితోనూ చర్య జరపదు, శరీరంలో నిలవదు, కాని భూగోళమంతటి గాలిలోనూ కలిసిపోతుంది. అయోడిన్ 129 అర్ధాయువు 1.57 కోట్ల ఏళ్లు. లా హేగ్, సెల్లాఫీల్డ్‌ల నుంచి వెళ్లిన అయోడిన్ ఆర్కిటిక్ సముద్రందాకా చేరిందని స్పష్టంగా కనిపిస్తుంది కనుక, సముద్ర ప్రవాహాల దారి కనిపెట్టడానికి శాస్త్రవేత్తలు దాన్నే గుర్తుగా వాడుకుంటున్నారు.

ఇక ఆరోగ్యం. లా హేగ్ పరిసరాల్లో ఎక్కువగా తాకిడికి గురయ్యే కుటుంబానికి కర్మాగారం వల్ల అందే మోతాదు ఏడాదికి 0.02 మిల్లీసీవర్టుల (శరీరానికి తగిలే వికిరణపు కొలత) లోపేనని సంస్థ లెక్క. ప్రకృతి నుంచి మనిషికి అందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. ఇటు సెల్లాఫీల్డ్ పక్కనున్న సీస్కేల్ గ్రామంలో పిల్లల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కేసులు మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయన్న విషయం 1983లో బయటపడింది. 1984లో ప్రభుత్వం నియమించిన విచారణ ఆ ఎక్కువ నిజమేనని అంగీకరించింది. అయితే తెలిసిన మోతాదులతో అన్ని కేసులు రావడం సాధ్యం కాదని ఆ తరవాతి అధ్యయనాలు వరసగా తేల్చాయి. బయటి నుంచి పెద్దసంఖ్యలో ఉద్యోగులు మారుమూల పల్లెకు వచ్చి కలవడం వల్ల ఏదో అంటువ్యాధి వ్యాపించి ఉండవచ్చునన్న వాదన కూడా ఉంది. ఎవరైనా మీకు "సెల్లాఫీల్డ్ పిల్లలను చంపింది" అని గాని, "అక్కడ ఏమీ జరగలేదు" అని గాని ఒక్క వాక్యంలో చెబితే నమ్మకండి.

సమాధానం 3
రాసినవారు: గణకుడు

మొదటి సమాధానం రాసిన పెద్దలంటే గౌరవం ఉంచుతూనే, ప్లుటోనియం విషయంలో వారితో విభేదిస్తున్నాను. పునఃశుద్ధికి పర్యావరణపరంగా ఏదైనా సమర్థన ఉంటే అది, తీసిన ప్లుటోనియంను వాడినప్పుడే నిలుస్తుంది. వాడకపోతే, విడుదలల భారం మనం భరించి, ఘనరూపంలో భద్రంగా ఉన్న పదార్థం నుంచి ఆయుధానికి పనికివచ్చే పదార్థాన్ని వేరుచేసి గిడ్డంగిలో పెట్టినట్టవుతుంది. 8 కిలోల ప్లుటోనియంను ఒక అణ్వస్త్రానికి సరిపడే ప్రమాణంగా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పరిగణిస్తుంది.

ఈ గీటురాయి మీద దేశాల అనుభవం చూడండి. బ్రిటన్ బ్రీడర్ రియాక్టర్ల మీద ఆశతో దశాబ్దాలపాటు పునఃశుద్ధి చేసింది. బ్రీడర్లు రాలేదు. సెల్లాఫీల్డ్‌లోని రెండు పునఃశుద్ధి కర్మాగారాల్లో థార్ప్ 2018లో, మాగ్నాక్స్ 2022లో మూతపడ్డాయి. సుమారు 140 టన్నుల పౌర ప్లుటోనియం మిగిలింది. దాన్ని ఇంధనంగా వాడబోమని, స్థిరమైన ఘనరూపంలోకి మార్చి పాతిపెడతామని 2025 జనవరిలో ఆ ప్రభుత్వం ప్రకటించింది. అంటే ఎంతో ఖర్చుపెట్టి వేరుచేసిన దాన్ని తిరిగి వ్యర్థంగా మార్చడానికి మళ్లీ ఖర్చు పెడుతున్నారు. 2005లో థార్ప్‌లోనే పైపు పగిలి, 83 ఘనపు మీటర్ల ద్రావణం కాంక్రీటు గది అడుగున నెలల తరబడి చేరుతున్నా ఎవరూ గమనించలేదు. అందులో దాదాపు 20 టన్నుల యురేనియం, 160 కిలోల ప్లుటోనియం ఉన్నాయి. గది గట్టిగా ఉండబట్టి బయటికి రాలేదు. ఇప్పుడు సెల్లాఫీల్డ్ మొత్తాన్ని శుభ్రపరచడానికి 136 బిలియన్ పౌండ్లు, ఈ శతాబ్దం దాటేంత కాలం పడుతుందని 2024లో బ్రిటన్ ఆడిట్ సంస్థ అంచనా ఇచ్చింది. ఇదంతా పునఃశుద్ధి ఖర్చేనని అనను, తొలినాటి ఆయుధ కార్యక్రమం భారం కూడా అందులో ఉంది.

జపాన్‌లో రొక్కాషో పునఃశుద్ధి కర్మాగార నిర్మాణం 1993లో మొదలై, పూర్తయ్యే తేదీ ఇరవైసార్లకు పైగా వాయిదా పడింది. అక్కడి మోంజు బ్రీడర్ 1995లో సోడియం కారిన తరవాత కోలుకోలేదు, 2016లో మూసివేతకు నిర్ణయించారు. ఫ్రాన్స్ తన సూపర్‌ఫీనిక్స్ బ్రీడర్‌ను 1990ల చివర మూసి, ఆస్ట్రిడ్ బ్రీడర్ ప్రాజెక్టును 2019లో పక్కనపెట్టింది. ప్లుటోనియంను యురేనియంతో కలిపి మాక్స్ ఇంధనంగా మామూలు రియాక్టర్లలో ఒకసారి వాడుతున్నది, నిజమే. కాని ఆ వాడిన మాక్స్‌ను మళ్లీ శుద్ధిచేయకుండా లా హేగ్ కొలనుల్లోనే ఉంచుతున్నది. అది మామూలు వాడిన ఇంధనం కంటే ఎక్కువ కాలం ఎక్కువ వేడి వెలువరిస్తుంది. రష్యా మాత్రం బీఎన్800 అనే ఫాస్ట్ రియాక్టరును పూర్తిగా మాక్స్‌తో నింపి నడిపిస్తున్నది. సాధ్యం కాదని అనేవారికి అది సమాధానమే. కాని ఒక్క రియాక్టరుతో ఇంధన చక్రం పూర్తయినట్టు కాదు.

మన దగ్గర కల్పాక్కంలోని 500 మెగావాట్ల ప్రోటోటైప్ బ్రీడర్ నిర్మాణం 2004లో మొదలై, 2024 మార్చికి గాని ఇంధనం నింపే దశకు చేరలేదు. అంతటి రియాక్టరు మొదటి నింపుడుకు సుమారు రెండు టన్నుల ప్లుటోనియం కావాలి. భారజల రియాక్టరు వాడిన ఇంధనంలో టన్నుకు నాలుగు కిలోల లోపే ప్లుటోనియం దొరుకుతుంది. అంటే ఒక్క రియాక్టరు కోసం ఐదు వందల టన్నులకు పైగా ఇంధనాన్ని కోసి, కరిగించి, దానిలోని వాయువులనూ ద్రవాలనూ ఎదుర్కోవాలి.

ఇతర దేశాలు ఎందుకు పట్టలేదన్నారు. అమెరికా, 1974లో మన పోఖ్రాన్ పరీక్ష తరవాత, 1977లో కార్టర్ హయాంలో వాణిజ్య పునఃశుద్ధిని ఆపింది. ఆ నిషేధాన్ని 1981లో రీగన్ ఎత్తేసినా ఖర్చు చూసి ఎవరూ ముందుకు రాలేదు. జర్మనీ 2005 మధ్య నుంచి పునఃశుద్ధికి ఇంధనం పంపడాన్ని చట్టరీత్యా ఆపేసింది. ఫిన్లాండ్ ఒల్కిలువొటోలో 400 మీటర్లకు పైగా లోతున గట్టి రాతిలో ఓంకాలో సొరంగాలు తవ్వి, వాడిన ఇంధనాన్ని అలాగే రాగి పెట్టెల్లో పెట్టి బెంటోనైట్ మట్టితో మూయడానికి సిద్ధం చేసింది. స్వీడన్‌దీ అదే దారి. ఆ పద్ధతిలో ఇంధనాన్ని కరిగించరు, పైపు ఉండదు, వేరుపడిన ప్లుటోనియం ఉండదు. లక్ష ఏళ్ల తరవాత రాయి ఎలా ఉంటుందన్న ప్రశ్న ఉంటుంది. అయితే గాజు దిమ్మలకు కూడా చివరికి అటువంటి రాయే కావాలి.

తీరవాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ వివరాలను తొమ్మిది, పది తరగతుల పిల్లలకు రెండు మూడు పాఠాలుగా చెప్పదలచుకున్నాను. ఇంకొక్కటి అడగాలి. కొవ్వాడ ఇంధనాన్ని కొవ్వాడలోనే పునఃశుద్ధి చేస్తారని ఊళ్లో చాలామంది భయపడుతున్నారు. అది నిజమేనా? ఒకవేళ బహిరంగ విచారణలో మాట్లాడే అవకాశం వస్తే మేము ఏమి అడగాలి?

సమాధానం 4
రాసినవారు: పాత రసాయనశాల

మాస్టారూ, రియాక్టరు, పునఃశుద్ధి కర్మాగారం రెండూ వేర్వేరు సౌకర్యాలు. రియాక్టర్ల ప్రతిపాదనలో పునఃశుద్ధి ఇమిడి ఉండదు. పైగా అమెరికా మూలం ఉన్న ఇంధనానికి 2008 నాటి భారత్-అమెరికా పౌర అణు ఒప్పందం (123 ఒప్పందం), దాని కింద 2010లో కుదిరిన ఏర్పాట్లు వర్తిస్తాయి. వాటి ప్రకారం అటువంటి ఇంధనాన్ని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పర్యవేక్షణలో, అందుకోసమే ప్రత్యేకించిన జాతీయ కర్మాగారంలోనే పునఃశుద్ధి చేయాలి. కొవ్వాడలో జరిగేది, అన్నీ అనుకున్నట్టు సాగితే, కొలనుల్లో నిల్వ. వెయ్యి మెగావాట్లకు పైబడిన రియాక్టరు నుంచి ఏటా ఇరవై పాతిక టన్నుల వాడిన ఇంధనం వస్తుంది, ఆరింటికి లెక్క మీరే కట్టగలరు. కాబట్టి "ఆ కొలనులో ఎన్నేళ్ల ఇంధనం పడుతుంది, నిండాక ఎక్కడికి, ఏ దారిన తీసుకువెళ్తారు" అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న.

రెండోది పర్యవేక్షణ. 2003 జనవరి 21న కల్పాక్కం పునఃశుద్ధి కేంద్రంలో ఒక వాల్వు విఫలమై, అత్యధిక రేడియోధార్మికత గల ద్రవం తక్కువ స్థాయి ద్రవానికి ఉద్దేశించిన ట్యాంకులోకి చేరింది. ఆ సంగతి తెలియక నమూనా తీయడానికి వెళ్లిన సిబ్బందితో కలిపి ఆరుగురికి, ఏడాదికి అనుమతించిన దానికంటే ఎన్నో రెట్లు వికిరణం తగిలింది. అక్కడ హెచ్చరిక మీటరు లేదు. విషయం నెలల తరవాత గాని ప్రజలకు తెలియలేదు. దానికి మూడేళ్ల ముందు, 2000లోనే, బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) సౌకర్యాలను అణుశక్తి నియంత్రణ మండలి పరిధి నుంచి తప్పించి బార్క్ సొంత భద్రతా మండలికి అప్పగించారు. నడిపేవారే తనిఖీ చేసుకునే పద్ధతిని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ సమర్థించలేదు, ఇప్పుడూ సమర్థించను. గణకుడు గారి ప్లుటోనియం లెక్కలతో నేను పూర్తిగా ఏకీభవించను, ఎందుకంటే యురేనియం దిగుమతి మీద శాశ్వతంగా ఆధారపడటానికి కూడా ఒక వెల ఉంది. కాని పునఃశుద్ధిని కోరుకునే నాలాంటివాళ్లే స్వతంత్ర తనిఖీని అందరికంటే గట్టిగా అడగాలి.

సమాధానం 5
రాసినవారు: నీలిమ, కుంబ్రియా

మాస్టారూ, మూడో ప్రశ్న నేను చేరుస్తాను, ఇది మీ పాఠశాల కూడా పాలుపంచుకోగల పని. ఫ్రాన్స్‌లో చెర్నోబిల్ తరవాత 1986లో నార్మండీ పౌరులు కొందరు కలిసి ఆక్రో అనే సంఘం పెట్టి, సొంత ప్రయోగశాల ఏర్పరచుకున్నారు. లా హేగ్ చుట్టూ నాచు, నీరు, గడ్డి, పీతలు సేకరించి కొలుస్తున్నారు. కర్మాగారం పక్కన పారే లాండ్ వాగు ఒడ్డున అమెరీషియం మోతాదుకు మించి ఉన్నట్టు 2016లో వారే కనిపెట్టారు. సంస్థ దాన్ని ఒప్పుకొని, అక్కడి మట్టిని తొలగించే పని చేపట్టవలసి వచ్చింది. ప్రతి అణు కేంద్రం దగ్గరా బార్క్ వారి పర్యావరణ సర్వే ప్రయోగశాల ఉంటుంది, అది అవసరమే. దానితో పాటు విశ్వవిద్యాలయాలు, స్థానికులు కలిసి విడిగా కొలిచే ఏర్పాటు ఉండాలి.

మీ తీరానికి దీని అవసరం మరీ ఎక్కువ. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం దాకా తీరపు నల్ల ఇసుకలో మోనజైటు ఉంది, మోనజైటులో థోరియం ఉంది. అందువల్ల ఏ అణు కేంద్రమూ లేకుండానే ఆ ఇసుక మీద మీటరు పెడితే మామూలు చోట్ల కంటే ఎక్కువ చూపుతుంది. రియాక్టరు రాకముందే ఏ గ్రామపు ఇసుకలో, ఏ చేపలో, ఏ బావిలో ఏ పదార్థం ఎంత ఉన్నదో నమోదు చేసి ప్రచురించకపోతే, ఇరవై ఏళ్ల తరవాత ఎవరైనా ఎక్కువ రీడింగు చూపినప్పుడు అది థోరియమేనని ఒకరు, రియాక్టరుదేనని మరొకరు వాదించుకుంటారు. గామా స్పెక్ట్రోమీటరుతో కొలిస్తే ఈ రెండూ విడివిడిగా తెలిసిపోతాయి. థోరియం సంతతి పదార్థాల గామా శక్తులు వేరు, సీసియం 137 వెలువరించే 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా వేరు. నమూనాలను రుతుపవనాలకు ముందు ఒకసారి, తరవాత ఒకసారి తీయాలి. అందుకు వేటకు వెళ్లే పడవల వారి సాయంతో ఎక్కడెక్కడ తీయాలో గుర్తించండి. ఏ లోతు ఇసుక తీయాలి, సీసాలపై ఏమేమి రాయాలి అన్న వివరాలు విడిగా రాసి ఈ వారాంతంలోగా ఇక్కడే పెడతాను.